అడుగున వేడి

ఝపటాపూర్, ఖరగ్‌పూర్
నవంబరు 18, 2024

జోగమ్మ వదినకి,

సత్యవాణి నమస్కారాలు. అక్కడ మీరంతా బాగున్నారనుకుంటాను. ఇక్కడ మేం ఉన్నాం.

ఫోను చెయ్యకుండా ఉత్తరమేమిటని విసుక్కోకండి. మీ చెవి మిషను ఫోను దగ్గరికి తెస్తే కూత పెడుతుంది. అందుకని మీ అబ్బాయి స్పీకరు పెడతాడు. ఇంటిల్లిపాదీ వింటుండగా అడగలేని మాట ఒకటి ఉంది నాకు. ముప్పై ఏళ్ళు అంగన్‌వాడీలో పిల్లలచేత అక్షరాలు దిద్దించారు కదా, నా కోడిగీతలు చదవడం మీకు కష్టం కాదు.

మీ తమ్ముడికి పక్షవాతం వచ్చి మొన్న పదో తారీఖుకి అయిదు నెలలైంది. కుడి చెయ్యి అలాగే ఉంది. కాలు ఈడ్చుకుంటూ గోడ పట్టుకుని వసారా దాకా వస్తారు. మాటల్లో 'ఠీక్ హై' ఒక్కటే మిగిలింది. ఆకలేసినా ఠీక్ హై, కోపమొచ్చినా ఠీక్ హై. పప్పులో ఉప్పు లేకపోతే పళ్ళెం తోసేసి మరీ ఠీక్ హై అంటారు. నిమ్‌పురా రైల్వే యార్డులో ముప్పై నాలుగేళ్ళు వాగన్ల కింద దూరి పనిచేసిన మనిషి, రిటైరై రెండేళ్ళు కాకుండానే లుంగీ ముడి వేసుకోవడానికి నన్ను పిలవాల్సి వస్తోంది. పిలవడానికి మాట లేదు గనక కుర్చీ చేతి మీద అరచేత్తో కొడతారు. రోజుకి ఎన్నిసార్లో లెక్కపెట్టడం మానేశాను.

డాబా మీద ఆయన ముళ్ళమొక్కలు మీకు గుర్తున్నాయా? "ఏటిరా గోవిందూ, జెముళ్ళకి కూడా కుండీలేటి" అని మీరు వెక్కిరించేవారు. అరవై కుండీలూ ఈ వానలకి కుళ్ళిపోయాయి. తప్పు నాదే. ఆస్పత్రి నుంచి వచ్చాక రెండు నెలలు ఆయన ఎడమ చెయ్యి ఎత్తి పైకి చూపించేవారు. ఉక్కపోస్తోందేమోనని ఫ్యాను వేసేదాన్ని. ఫ్యాను తిరుగుతున్నా చూపిస్తుంటే స్పీడు పెంచేదాన్ని. సెప్టెంబరులో ట్యాంకు చూడ్డానికి డాబా ఎక్కితే గానీ నాకు తట్టలేదు, కుండీలు రేకు కిందికి జరపమని చెబుతున్నారని. ఇప్పుడు ఒక్క గుండ్రటి మొక్క గింజలు మాత్రం మిగిలాయి. చిన్న పండుమిరపకాయల్లాంటి ఎర్రటి కాయలు కాసేది, అది. జబ్బు పడకముందే గింజలు తీసి కాగితం పొట్లం కట్టుకున్నారు. ఆ పొట్లం ఇప్పుడు దిండు కింద ఉంటుంది.

వదినా, అసలు మాట రాస్తున్నాను. నేను అలసిపోయాను. మాకు పిల్లలు లేరు, నా తర్వాత ఆయనకి మీరే. ఒక్క నెల ఆయన్ని మీ దగ్గరికి తీసుకెళ్ళండి. లేదా మీరే వచ్చి ఒక నెల ఉండండి. నేను ఎక్కడికైనా వెళ్ళి పడుకుంటాను. నా నడుం నొప్పికి మందులిచ్చే డాక్టరు కూడా అదే చెప్పాడు. పడుకోవడం తప్ప నాకింకో కోరిక లేదు.

మీ
సత్యవాణి


సోంపేట
నవంబరు 28, 2024

మరదలా సత్యవాణీ,

ముందు దీవెనలు, తర్వాత తిట్లు.

"ఇక్కడ మేం ఉన్నాం" అని రాస్తారా ఎవరైనా? గుండె ఆగిపోయింది నాకు. బాగున్నాం అని రాసి, ఆ తర్వాత ఏడుపు మొదలుపెట్టాలి. పెళ్ళై వచ్చిన రోజునుంచీ నీకు ఉపోద్ఘాతం లేదు, అన్నీ దబ్బున చెప్పేస్తావు.

నీ కష్టం నాకు తెలియనిది కాదు. రావాలనే ఉంది. కానీ నా మోకాళ్ళ సంగతి తెలుసుగా, గుమ్మం దాటాలంటే రెండు చేతులూ గోడకే. వాణ్ణి ఇక్కడికి తెస్తే మా మరుగుదొడ్డి పెరట్లో ఉంది, నాలుగు మెట్లు. జీడిమామిడి పనులు కూడా ముందున్నాయి. చూద్దాం, ఎండలు రానీ.

అంతవరకూ ఊరికే కూర్చోలేదులే. మందుల దుకాణంలో కరెంటు ప్యాడ్ ఒకటి కొని పార్సిలు వేయించాను. చిన్న దిండంత ఉంటుంది, మెత్తగా. తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడు మీటలు. కాపడం పెట్టడానికి ఇక నీళ్ళు కాచక్కర్లేదు. వాడి కుడి భుజం మీద పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు వెయ్యి. వాడు పుట్టు చలిగొట్టు. చిన్నప్పుడు డిసెంబరులో అమ్మ పొయ్యి దగ్గర్నుంచి వాణ్ణి లేపి బడికి తోలాలంటే నాకు చుక్కలు కనిపించేవి. వెచ్చదనం తగిలితే చెయ్యి దానంతటదే కదులుతుంది, నా మాట విను.

నేను రాలేకపోతున్నాను గానీ, అది నా బదులు వచ్చిందనుకో.

జోగమ్మ


ఝపటాపూర్
డిసెంబరు 9, 2024

వదినకి,

బాగున్నాం. చూశారా, ఈసారి సరిగ్గా మొదలుపెట్టాను.

మీ బదులు వచ్చిన ప్యాడ్ నాలుగో తారీఖున అందింది. బాగా పనికొస్తోంది. ఇరవై నిమిషాలేమిటి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేసే ఉంటోంది. మీ తమ్ముడు దాని దగ్గర్నుంచి కదలడం లేదు. కుర్చీ మీద కొట్టడం కూడా తగ్గింది. మధ్యాహ్నం నేను రెండు గంటలు నడుం వాల్చగలుగుతున్నాను, ఆ పుణ్యం మీదే.

ఇక్కడ చలి ముదిరింది. పొద్దున్నే పంపు నీళ్ళలో చెయ్యి పెడితే ఎముకలు లాగుతున్నాయి. చపాతీ పిండి కలపాలన్నా బద్ధకం. ఆయనకి నేనే తినిపించాలి గనక తినిపిస్తున్నాను, నేను తిన్నానో లేదో సాయంత్రానికి గుర్తుండదు. పక్కింటి దోర్కా దీదీ, రిటైరైన నర్సు, అప్పుడప్పుడు వచ్చి చూసి పోతుంది. ఆమెకీ డెబ్బై, ఎంతని అడగను.

ఎండలు వస్తే చూద్దామన్నారు. ఎండలు మార్చికి గానీ రావు. గుర్తుచేస్తున్నానంతే.

సత్యవాణి


సోంపేట
డిసెంబరు 17, 2024

సత్యవాణీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నేను చెప్పలేదా? డాక్టర్లకి తట్టనిది ఈ జోగమ్మకి తట్టింది. వీధిలో అందరికీ చెప్పాను. ఎదురింటావిడ తన మొగుడి నడుముకి అలాంటిదే తెప్పించుకుంటోంది.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేసుకుంటున్నాడంటే వాడికి అది చాలడం లేదన్నమాట. ఎక్కువ మీట నొక్కు. భయపడకు, మనవాళ్ళు మొండి ఘటాలు. యార్డులో ఎండకి కాలిన ఇనప సామాన్లు పట్టుకున్న చేతులవి.

చెయ్యి ఎంతవరకు లేచిందో ఈసారి వివరంగా రాయి. తల దువ్వుకుంటున్నాడా? నువ్వు అంతా ముక్తసరిగా రాస్తావు. మంచి వార్త కూడా పన్ను నొప్పి చెప్పినట్టు చెబుతావు.

తినడం మరిచిపోతున్నావట. అదేం గొప్ప కాదు. వాడికి పెట్టేముందు నువ్వు రెండు ముద్దలు తిను.

జోగమ్మ


సోంపేట
డిసెంబరు 27, 2024

సత్యవాణికి,

నిమ్‌పురాలో మా తమ్ముడితో పనిచేసిన క్రిస్టోఫర్, అక్కడ పూరీ గేట్ దగ్గరుండే అబ్బాయి, క్రిస్మస్‌కి అత్తారింటికి సోంపేట వచ్చాడు. నిన్న కేకు ముక్క పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "అక్కా, అన్న కుడిసెయ్యి కాలిపోనాది. కట్టు కట్టుకుని కుర్సీలో కూకున్నాడు. పలకరిత్తే మొకం తిప్పేసినాడు" అన్నాడు. మా కోడలి ముందు అన్నాడు.

వాడి చెయ్యి కాలేదాకా నువ్వెక్కడున్నావు? పడుకున్నావా? నోరు లేని మనిషికి కాలితే అబ్బా అనడానికి కూడా లేదు కదా. నాలుగు ముక్కలు ఉత్తరం రాయాలని కూడా అనిపించలేదా? పదిహేను రోజులకోసారి నడుం, నిద్ర అని రాస్తావు, ఇది రాయవు.

వాణ్ణి నేను పెంచాను. నీ చేతికిచ్చింది కాల్చడానికి కాదు. ఇంతకంటే రాయను, రాస్తే తర్వాత బాధపడతాను.

జోగమ్మ


ఝపటాపూర్
జనవరి 11, 2025

వదినకి,

మీ ఉత్తరం వచ్చి వారమైంది. కోపంతో కాదు, ఓపిక లేక రాయలేదు. ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. తర్వాత మీరేమన్నా పడతాను.

అవును, పడుకున్నాను. ఆ సంగతికి వస్తాను.

మీరు పంపిన ప్యాడ్ ఒక్క పూట కూడా ఆయన భుజం మీద లేదు. మొదటి రోజు వేస్తే తీసి పక్కన పెట్టారు. రెండో రోజూ అంతే. మూడో రోజు నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి మీ తమ్ముడు కిటికీ కింద నేల మీద కూర్చుని ఉన్నారు. కుర్చీలోంచి తనంతట తనే దిగారు. ప్యాడ్‌ని ప్లాస్టిక్ సంచిలో దూర్చి, దాని మీద పీట ముక్క వేసి, పీట మీద పారదర్శకంగా ఉండే పాత మిఠాయి డబ్బా పెట్టారు. అంతా ఎడమ చేత్తో, పళ్ళతో. డబ్బాలో ఆయన ఎప్పుడో జల్లించి దాచుకున్న ఇసక, బొగ్గు నుసి, ఆకు ఎరువు. పొట్లం విప్పి నావైపు చూశారు.

ఈ గింజలకి చలికాలంలో అడుగునుంచి వెచ్చదనం కావాలి వదినా. పైన ఎండ తగిలితే చాలదు, మట్టి వెచ్చబడాలి. లేకపోతే ఎన్నాళ్ళైనా అలాగే పడి ఉంటాయి. ఇదివరకు ఆయన చెక్కపెట్టెలో బల్బు వెలిగించి దాని మీద డబ్బాలు పెట్టేవారు. ఆ పెట్టె డాబా మీద వానకి చివికిపోయింది. భుజానికని మీరు పంపింది చూడగానే ఆయనకి ఆ పెట్టే గుర్తొచ్చి ఉంటుంది.

నువ్వుగింజలో సగం కూడా ఉండవు అవి. నలభై ఒకటి ఉన్నాయి. ఇరవై మట్టి పైన చల్లి, మిగతావి మళ్ళీ పొట్లం కట్టించారు. స్పేరు లేకుండా ఏ పనీ మొదలుపెట్టరు కదా. మీద మట్టి కప్పకూడదు, కప్పబోతే చెయ్యి పట్టుకున్నారు. నీళ్ళు కూడా పైనుంచి పొయ్యకూడదట. డబ్బాకి అడుగున చిల్లులున్నాయి, పళ్ళెంలో నీళ్ళు పోసి కాసేపు అందులో కూర్చోబెడితే మట్టే పీల్చుకుంటుంది. తర్వాత మూత.

ఇదంతా మీకు రాయలేదు. కొన్నది తమ్ముడి భుజానికి, జెముళ్ళకి కాదు అంటారని భయపడ్డాను. ఇంకో కారణం కూడా ఉంది, అది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆ డబ్బా ముందు కూర్చున్నంతసేపు ఆయన నన్ను పిలవరు. మధ్యాహ్నం ఆ రెండు గంటలు నిద్రపోతున్నాను. మీరు ప్యాడ్ భుజానికే వెయ్యమంటే ఆ రెండు గంటలు పోతాయి.

డిసెంబరు పంతొమ్మిదో తారీఖు మధ్యాహ్నం నేను నిద్రలో ఉన్నాను. లేచాక ఆ మీటనీ, ఆయన చెయ్యి ఉన్నచోటునీ చూసి ఊహించుకున్నదే ఇదంతా. యార్డులో మీ తమ్ముడి పనేమిటో మీకు తెలుసు. బండి వచ్చి ఆగగానే వాగను వాగనుకీ నడిచి, ఇరుసులు వేడెక్కాయేమోనని కుడిచెయ్యి తిప్పి వెనకవైపు ఆనించి చూసేవారు. ముప్పై నాలుగేళ్ళు అదే పని. ఇంట్లో నాకు జ్వరమొస్తే కూడా నుదుటి మీద చెయ్యి వెనకవైపే పెట్టేవారు. ఆ రోజు కూడా మట్టి వెచ్చగా ఉందో లేదో చూడాలనుకున్నారు. కుడి చెయ్యి లేవదు గనక ఎడమ చేత్తో దాన్ని ఎత్తి తెచ్చి, వెనకవైపు తిప్పి, పీట పక్కన ప్యాడ్ మీదే ఆనించారు. చల్లగా అనిపించింది. మధ్య మీట నొక్కారు. మళ్ళీ చూశారు, చల్లగానే ఉంది. ఎక్కువ నొక్కారు. చెయ్యి అక్కడే ఉంచి, వెచ్చబడుతుందేమోనని ఎదురుచూస్తూ కూర్చున్నారు. మీరు ఎక్కువ నొక్కమన్న ఉత్తరం ఇరవై మూడున గానీ నాకు అందలేదు, కాబట్టి మీ మీద ఏమీ లేదు.

నేను లేచి చూసేసరికి చేతి వెనక రూపాయి బిళ్ళంత బొబ్బ. డబ్బాలో మట్టి ఇటికలా ఉంది. దోర్కా దీదీ వచ్చి కట్టు కట్టి, "ఏటమ్మా, ఇంత బొబ్బ లేస్తే నువ్వేటి సేస్తన్నావు" అంది. అందరూ అదే అడుగుతారు.

ఆ చెయ్యి కదలదని మాకు తెలుసు. దానికి వేడి కూడా తెలియడం లేదని ఆయనకి ఆ రోజే తెలిసింది. ఉడికిపోయిన గింజలు చూశారు, బొబ్బ చూసుకున్నారు. ఠీక్ హై అంటారేమోనని ఎదురుచూశాను. అనలేదు. ఇరవై రోజులు ఆ మాట కూడా లేదు. క్రిస్టోఫర్ వచ్చింది అప్పుడే. మొహం తిప్పుకున్నది అతన్ని చూసి కాదని అతనికి ఎలా చెప్పను?

మొన్న తొమ్మిదో తారీఖున దిండు కింద పొట్లం తీసి నా ఒడిలో పడేశారు. మిగిలిన ఇరవై ఒక్కటీ నేనే చల్లాను. తక్కువ మీట వేశాను. కాసేపయ్యాక ఆయన నా కుడి చెయ్యి పట్టుకున్నారు. తిప్పి వెనకవైపు మట్టి మీద ఆనించి నా మొహంలోకి చూశారు. "సల్లగానే ఉంది" అన్నాను. మధ్య మీట చూపించారు. మళ్ళీ నా చెయ్యి ఆనించారు. "ఇప్పుడు గోరువెచ్చగా ఉంది, ఇంతకంటే వద్దు" అన్నాను. ఠీక్ హై అన్నారు. ఇద్దరం ఏడ్చాం, దాచడమెందుకు.

కానీ వదినా, ఇప్పుడు గంటకోసారి నా చెయ్యి కావాలి ఆయనకి. గడియారం చూసి కొడతారు. నా రెండు గంటల నిద్ర కూడా పోయింది. నిన్న స్టవ్ మీద పాలు పెట్టి నిలబడే నిద్రపోయాను. ఇలాగే సాగితే ఈసారి కాలేది నా చెయ్యో, ఇల్లో తెలియదు. మొదటి ఉత్తరంలో నేను అడిగింది మనిషిని. మీరు ప్యాడ్ పంపారు. అది చేసే పని అది చేస్తోంది. మనిషి పని ఇంకా మిగిలే ఉంది.

సత్యవాణి


సోంపేట
జనవరి 18, 2025

సత్యవాణీ,

నీ ఉత్తరం వరండాలో నా మంచం మీద కూర్చుని చదివాను. వరండాలో ఎందుకంటే నా మంచం ఉన్నదే అక్కడ. మూడేళ్ళయింది. లోపలి గదులు వాళ్ళకి సరిపోవడం లేదు. కోడలు చెడ్డది కాదు, అన్నం వేళకి పెడుతుంది. కానీ నా తమ్ముణ్ణి తెచ్చుకుంటానని అడిగే నోరు ఈ ఇంట్లో నాకు లేదు. అది నీకు రాయడానికి నామోషీ వేసి మోకాళ్ళనీ మెట్లనీ జీడిమామిడనీ రాశాను. మోకాళ్ళ నొప్పులు నిజమే, కానీ పొద్దున్నే పాలకేంద్రం దాకా నడుస్తూనే ఉన్నాను.

మరి నేనే రావచ్చు కదా అంటావు. రావచ్చు. వాడికి మొదటి మాట నేర్పింది నేను. అమ్మ పొలం పోతే చంకనేసుకుని, కాకిని చూపించి, ఆవుని చూపించి. ఊళ్ళో పిల్లలందరికీ అక్షరాలు నేర్పినదాన్ని. వాడు నన్ను చూసి ఠీక్ హై తప్ప ఇంకేమీ అనలేకపోతే నేను తట్టుకోలేనని రాలేదు. నీ నిద్ర నా పిరికితనానికి ఖర్చైంది. నిన్ను పడుకున్నావా అని అడిగాను చూడు, ఆ మాట నేను వెనక్కి తీసుకోలేను, ఉత్తరం నీ దగ్గరే ఉంది. చింపెయ్యి.

క్రిస్టోఫర్ చెప్పినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఎక్కువ మీట నొక్కమన్న నా సలహానే. భయపడి, ఆ భయాన్ని నీ మీద కక్కాను.

ఇరవై మూడో తారీఖు మధ్యాహ్నం ఖరగ్‌పూర్‌లో దిగుతాను. క్రిస్టోఫర్ భార్యా పిల్లలు అదే బండిలో వెనక్కి వెళుతున్నారట, తోడు దొరికింది. నువ్వు స్టేషనుకి రావద్దు, ఆ గంట పడుకో. మర్నాడు వంట చూపించు, మందులు చూపించు, ఆ మీటలు చూపించు. ఇరవై అయిదున నీ చెల్లెలు నూకాలమ్మ దగ్గరికి కళింగపట్నం వెళ్ళిపో. నెల దాటకుండా మొహం చూపించకు.

నా చెయ్యి ముసలిదే గానీ దానికి వేడి తెలుస్తుంది.

జోగమ్మ


కళింగపట్నం
ఫిబ్రవరి 1, 2025

వదినకి,

పడుకున్నాను. లేచి తిన్నాను. మళ్ళీ పడుకున్నాను. వారం రోజుల్లో ఇంతకంటే చెప్పుకోదగ్గ పని చెయ్యలేదు. నూకాలమ్మ చేపల పులుసు పెట్టి, ముళ్ళు తీస్తూ ఎదురుగా కూర్చుంటుంది. ఏడెనిమిది నెలల తర్వాత ఒకరు వడ్డిస్తే తింటున్నాను. రెండో రోజు తింటుంటే ఎందుకో ఏడుపొచ్చింది. చెల్లెలు ఇంకో ముక్క ముళ్ళు తీసి నా పళ్ళెంలో వేసింది.

నిద్ర పడుతోంది గానీ, గంట గంటకీ మెలకువ వస్తోంది. చెయ్యి దానంతటదే తిరిగి చాప మీద ఆనుతోంది. ఏదీ కొట్టిన చప్పుడు లేదు, సముద్రమే.

చెప్పడం మరిచిపోయాను. ఆయనకి చొక్కా వేసేటప్పుడు ముందు కుడి చెయ్యి దూర్చాలి, తర్వాత ఎడమది. టీలో చక్కెర సగమే. డబ్బా మూత మీద నీటి చుక్కలు కడితే తుడవాలి. ఎండ నేరుగా పడకుండా పాత చీర ముక్క కట్టాను, అది తియ్యకండి.

నేను వచ్చేనాటికి పదహారు రోజులైంది, ఒక్కటీ కదల్లేదు. మళ్ళీ కాలుతాయేమోనన్న భయంతో నేను వేడి తక్కువే ఉంచానేమో. వీడ్కోలు చెబుతుంటే ఆయన నావైపు చూడలేదు. కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు. వదిలేసి పోతున్నానని కోపమేమో. రిక్షా ఎక్కాక కూడా దిగిపోదామనిపించింది.

మొలవకపోతే ఆ సంగతి రాయకండి. ఆయన నన్ను పిలుస్తుంటే మాత్రం రాయండి, వచ్చేస్తాను.

సత్యవాణి


ఝపటాపూర్, ఖరగ్‌పూర్
ఫిబ్రవరి 11, 2025

మరదలా సత్యవాణీ,

ఇక్కడ మేం ఉన్నాం. అది ఎంత పెద్ద వాక్యమో పదిహేడు రోజులు నీ పని చేస్తే గానీ నాకు అర్థం కాలేదు.

వాడి ఠీక్ హైకి భయపడ్డానని రాశాను కదా. నేను దిగిన రోజే అన్నాడు. గుమ్మంలో నన్ను చూసి, పైనుంచి కిందికి చూసి, ఠీక్ హై అన్నాడు. చిన్నప్పుడు నేను కొత్త లంగా కట్టుకుంటే అచ్చం అలాగే చూసేవాడు. ఏడుస్తాననుకున్నాను, నవ్వొచ్చింది.

నువ్వు వెళ్ళిన మర్నాటినుంచి గంటకోసారి నా చెయ్యి పట్టుకుని మట్టి మీద పెట్టాడు. నేను వెచ్చగా ఉందంటే నమ్మడు, కళ్ళు ముడిచి చూస్తాడు. నువ్వంటే నమ్మకం, నేనంటే అనుమానం. చివరికి దోర్కా దీదీ చెయ్యి కూడా పెట్టించాడు. "ఇన్‌స్పెక్షనా దాదా ఇది" అని ఆవిడ నవ్వింది. ఇద్దరి మాటా ఒకటే అయ్యాక, మధ్య మీట మీద రోజంతా ఉంచడానికి ఒప్పుకున్నాడు. నువ్వు అనుకున్నది నిజమే, భయానికి తక్కువ మీద ఉంచావు.

జనవరి ముప్పై ఒకటిన మట్టి మీద ఏదో ఆకుపచ్చగా ఉంది. పాకుడేమో అనుకుని గుడ్డతో తుడవబోయాను. చెయ్యి మీద ఒక్కటిచ్చాడు, ఇప్పటికీ మంట. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే గింజంత ఆకుపచ్చ బొడిపె. మర్నాటికి మూడు. నాలుగో తారీఖుకి పదమూడు. మరి నాలుగు రోజులు చూశాం, అంతే. ఇరవై ఒకటికి పదమూడు. ముళ్ళెక్కడా అని చూస్తే, ఒకదానికి ముక్కు మీద వెంట్రుకంత తెల్లటిది వచ్చింది. ఇంత దానికి అంత పొగరు, మీ ఆయన పెంపకం.

ఇప్పుడు అసలు సంగతి.

మొలకలు వచ్చాక అడుగు వేడి ఉండకూడదట. ఉంటే కాడలు సాగి పడిపోతాయట, దోర్కా దీదీ ఫోనులో చదివి చెప్పింది. వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎనిమిదో తారీఖు పొద్దున తనే పీట జరిపి ప్యాడ్ లాగేశాడు. హమ్మయ్య, ఇకనైనా కొన్న పనికి వాడదామని భుజం మీద వెయ్యబోయాను. తోసేశాడు. రెండోసారి వేశాను, మళ్ళీ తోసేశాడు. సరే నీ ఖర్మ అని వంటింట్లోకి వెళ్ళాను.

భోజనాలయ్యాక చూస్తే వాడు కుర్చీలో లేడు. గోడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ, ప్యాడ్ చంకలో పెట్టుకుని నువ్వు మధ్యాహ్నం నడుం వాల్చే చాప దగ్గరికి వెళ్ళాడు. చాప మీద నీ బొంత పరిచే ఉంది, నేను తీయలేదు. బొంత ఎత్తి, నడుం వచ్చేచోట ప్యాడ్ పెట్టి, బొంత కప్పి, మీట నొక్కాడు. తర్వాత పక్కనే నేల మీద కూర్చున్నాడు.

మతి తప్పిందేమోనని భయపడ్డాను. "ఎవులూ నేరు కదరా గోవిందూ, ఖాళీ పక్కకి వేడేటి" అని మీట ఆర్పేశాను. మళ్ళీ వేశాడు. ఆర్పాను. వేశాడు. మూడోసారి నా చెయ్యి పట్టుకున్నాడు. తిప్పి వెనకవైపు బొంత మీద ఆనించి, నా మొహంలోకి చూశాడు.

అప్పుడు అర్థమైంది నాకు. వాడికి మతి ఉంది. నీ నడుం నొప్పి సంగతి ఈ ఇంట్లో నీ తర్వాత వాడికే ఎక్కువ తెలుసు. నువ్వు వెళ్ళేటప్పుడు కిటికీ వైపు చూసింది కోపంతో కాదు, పిచ్చిదానా. నీవైపు చూస్తే నువ్వు ఆగిపోతావని.

అప్పటినుంచీ రోజూ ఒంటిగంటన్నరకి వేస్తాడు, మూడున్నరకి ఆర్పేస్తాడు. నీ రెండు గంటలు వాడికి నిమిషాలతో సహా గుర్తున్నాయి. కుర్చీ మీద కొట్టడం నువ్వు వెళ్ళాక ఒక్కసారి కూడా లేదు. నన్ను పిలవాలంటే దగ్గుతాడు.

పిలుస్తుంటే రాయమన్నావు. ఇది పిలుపో కాదో నేను చెప్పలేను. కానీ నా మాట విను, ఇప్పుడే బయల్దేరకు. నాకు వరండా మంచం మీదికి వెళ్ళే తొందర లేదు, నువ్వు వచ్చాక కూడా నేను ఇక్కడే ఉంటాను. ఈ సంగతి మా అబ్బాయికి నిన్న ఫోనులో చెప్పాను, స్పీకరు పెట్టమని మరీ.

ఇప్పుడు టైము రెండైంది. వాడు చాప పక్కన కూర్చుని ఉన్నాడు. నీకు రాస్తున్నానని తెలిసి నావైపే చూస్తున్నాడు. నేను చెయ్యి తిప్పి నీ బొంత మీద ఆనించి చూశాను. గోరువెచ్చగా ఉంది. ఇరవై అయిదో తారీఖు దాకా అక్కడే హాయిగా పడుకో.

జోగమ్మ